27 శాతం వెనక ఉన్న అర పాయింటు

అల్జీమర్స్‌ను 27 శాతం నెమ్మదింపజేసే లెకానెమాబ్ అనే మందు వచ్చిందని 2022 చివరి నుంచి వార్తలు వస్తూనే ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు అడిగిందే మళ్లీ అడగడం, పింఛను పుస్తకం ఎక్కడ దాచారో మర్చిపోవడం మొదలుకాగానే పిల్లలు ఫోన్లో వెతికేది ఈ మందు గురించే. డల్లాస్‌లో ఉన్న కొడుకు అక్కడి వార్త చూసి, గుంటూరులో ఉన్న తల్లికి ఇప్పించొచ్చా అని అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ 27 శాతం ఎవరిని, దేనితో, ఎన్నాళ్లు కొలిస్తే వచ్చిందో తెలుసుకోకుండా దానికి జవాబు చెప్పలేం. వార్తల్లో ఈ మూడింటికీ చోటు దొరకడం లేదు.

ముందు ఎవరిని కొలిచారో చూద్దాం. వయసుతో వచ్చే మామూలు మరుపుకూ డిమెన్షియాకూ (అల్జీమర్స్ లాంటి జబ్బులతో మతి చెడి, సొంత పనులు చేసుకోలేని స్థితికీ) మధ్య ఒక దశ ఉంది. డాక్టర్లు దాన్ని ఎంసీఐ అంటారు, అంటే మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్. పరీక్ష పెడితే జ్ఞాపకశక్తి ఆ వయసుకు ఉండాల్సినంత లేదని తేలుతుంది. అయినా వంట, బ్యాంకు పని, మందులు వేసుకోవడం లాంటివి ఆ మనిషి తనంతట తానే చేసుకోగలుగుతారు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో రోనాల్డ్ పీటర్సన్ బృందం 1999లో ఈ దశకు ప్రమాణాలు రాసినప్పటి నుంచి పరిశోధకుల చూపు దీనిమీద పడింది. డిమెన్షియా ముదిరాక మెదడులో చచ్చిపోయిన కణాలను ఏ మందూ తిరిగి తేలేదు కాబట్టి, పట్టుకుంటే ఇక్కడే పట్టుకోవాలన్నది వాళ్ల ఆలోచన.

చిక్కేమిటంటే ఎంసీఐ ఒకే జబ్బు కాదు. కొందరిలో అది అల్జీమర్స్ తొలి దశ. కొందరిలో బీపీ, షుగరు ఏళ్ల తరబడి అదుపులో లేక మెదడులోని సన్నటి రక్తనాళాలు దెబ్బతిన్న ఫలితం. ఇంకొందరిలో విటమిన్ బి12 లోపం, థైరాయిడ్, పైకి కనపడని దిగులు, నిద్రలో ఊపిరి ఆగడం, ఏళ్లుగా వాడుతున్న నిద్రమాత్రలు, సరిగ్గా వినపడకపోవడం. వీటిలో చాలావరకు సరిచేయగలిగినవే. అందుకే ఎంసీఐ అన్న వాళ్లలో కొంతమంది ఏడాది రెండేళ్లకు మామూలు స్థితికి వచ్చేస్తారు. ఇలా కలగాపులగంగా ఉన్న గుంపుకు ఒకే మందు ఇచ్చి ఫలితం చూస్తే, నిజంగా పనిచేసే మందైనా పనిచేయనట్టు కనిపించొచ్చు, పనిచేయనిది పనిచేసినట్టూ కనిపించొచ్చు.

2005లో పీటర్సన్ బృందమే చేసిన ట్రయల్, అంటే మందు పనిచేస్తుందో లేదో మనుషుల మీద చూసే పరీక్ష, ఒకటుంది. ఎంసీఐ ఉన్న 769 మందిని మూడు భాగాలు చేసి, ఒక భాగానికి డోనెపెజిల్, ఒక భాగానికి విటమిన్ ఇ, మూడో భాగానికి మందులేని మాత్ర, అంటే ప్లాసిబో, మూడేళ్లు ఇచ్చారు. మొదటి ఏడాది డోనెపెజిల్ వేసుకున్నవాళ్లలో అల్జీమర్స్‌లోకి జారినవాళ్లు తగ్గారు. మూడేళ్లు గడిచేసరికి మూడు గుంపుల మధ్యా తేడా లేదు. ఇవాళ్టికీ మన దగ్గర కొంచెం మతిమరుపు ఉందనగానే డోనెపెజిల్ రాసేస్తున్నారు. అల్జీమర్స్ ఖాయమైన వాళ్లకు లక్షణాలను కొంతకాలం కాస్త నిలబెట్టే మందు అది. ఎంసీఐ దశలో జబ్బును ఆపుతుందన్న ఆధారం ఆ మూడేళ్లలో దొరకలేదు. కడుపులో తిప్పడం, విరేచనాలు, గుండె వేగం తగ్గడం లాంటి ఇబ్బందులు మాత్రం ఉన్నాయి.

మతిమరుపు తగ్గిస్తాయంటూ అమ్మే గింకో మాత్రల సంగతి ఇంకా తేటగా తేలింది. అమెరికాలో 3,069 మంది పెద్దవాళ్లకు రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాముల చొప్పున సగటున ఆరేళ్లకు పైగా ఇచ్చి చూశారు. 2008లో వచ్చిన ఫలితం: డిమెన్షియా ఏమాత్రం తగ్గలేదు. ఇంత పెద్ద ట్రయల్ తర్వాత కూడా పింఛను డబ్బులు వీటికి పోస్తున్న వాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

ఇప్పుడు ఆ 27 శాతం. లెకానెమాబ్‌తో చేసిన క్లారిటీ ఏడీ ట్రయల్‌లోనిది ఈ అంకె. అల్జీమర్స్ మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ కణాల మధ్య ముద్దలుగా పేరుకుంటుంది. లెకానెమాబ్ ఆ ప్రోటీన్‌కు అతుక్కుని దాన్ని ఊడ్చేసేలా తయారుచేసిన యాంటీబాడీ. రెండు వారాలకోసారి సెలైన్‌లా నరానికి ఎక్కించాలి. ఉత్తర అమెరికా, యూరప్, ఆసియాల్లో 235 కేంద్రాల్లో 1,795 మందిని చేర్చుకుని, సగం మందికి మందు, సగం మందికి ప్లాసిబో 18 నెలల పాటు ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియదు, మార్కులు వేసేవాళ్లకూ తెలియదు.

ఆ 1,795 మందిని ఎంపిక చేయడానికి 5,967 మందిని పరీక్షించారు. మెదడులో అమిలాయిడ్ ఉన్నట్టు పెట్ స్కాన్‌లోనో వెన్ను నీటి పరీక్షలోనో తేలాలి. జబ్బు తొలి దశలోనే ఉండాలి. ఎమ్మారైలో పాత రక్తస్రావాల మచ్చలు ఎక్కువగా ఉండకూడదు. మిగతా ఆరోగ్యం నిలకడగా ఉండాలి. పైగా ప్రతిసారీ వెంట వచ్చి, ఇంట్లో మనిషి ఎలా ఉంటున్నారో చెప్పగల తోడు ఒకరుండాలి. అంటే మూడింట రెండొంతుల మంది గుమ్మంలోనే ఆగిపోయారు. మామూలుగా మన న్యూరాలజీ ఓపీ ముందు కూర్చునే 75 ఏళ్ల మనిషికి బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు, గుండెకు స్టెంటు, ఎప్పుడో వచ్చిన చిన్న స్ట్రోక్ కలగలిసి ఉంటాయి. ట్రయల్‌లో చేరినవాళ్లకూ ఆ మనిషికీ మధ్య దూరం చాలా ఉంది.

ఇక దేనితో కొలిచారన్నది. ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. జ్ఞాపకశక్తిని రక్తంలో చక్కెరలా సూదితో గుచ్చి చూడలేం. ఈ ట్రయల్స్‌లో వాడే కొలత పేరు సీడీఆర్. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు 1982లో తయారుచేశారు. ఇది కాగితం మీద రాసే పరీక్ష కాదు, మాట్లాడించి తెలుసుకునేది. శిక్షణ పొందిన వ్యక్తి ముందు తోడుగా వచ్చిన వాళ్లతో విడిగా కూర్చుంటారు. ఈ వారంలో జరిగిన ఒక సంగతి, ఈ నెలలో జరిగిన ఒక సంగతి చెప్పమంటారు. కోడలు చెబుతుంది: మొన్న ఆదివారం మనవడి అన్నప్రాసనకు తెనాలి వెళ్లాం, కారులో వెళ్లాం, అక్కడ మా పెద్దత్తయ్య కలిసింది, అని. ఆ తర్వాత అత్తగారిని లోపలికి పిలిచి, మొన్న ఆదివారం ఎక్కడికైనా వెళ్లారా అని అడుగుతారు. వెళ్లామని ఆమెకు గుర్తుండొచ్చు. ఎవరి అన్నప్రాసన, ఎలా వెళ్లారు, ఎవరు కలిశారు అని అడుగుతూ పోతే ఎక్కడ ఆగిపోతారో అదే కొలత.

ఇలా ఆరు విభాగాలు ఉంటాయి: జ్ఞాపకం, కాలం-స్థలం ఎరుక, తర్కించి నిర్ణయించుకోవడం, బయటి పనులు, ఇంటి పనులు-ఇష్టాలు, సొంత పనులు. ఒక్కోదానికి సున్నా నుంచి 3 వరకు మార్కులు. బాగున్న మనిషికి సున్నా. జ్ఞాపకం విభాగంలో అర మార్కు అంటే సంగతులు సగం సగం గుర్తుండే స్వల్ప మరుపు. ఒకటి అంటే కొత్త సంగతులు నిలవక రోజువారీ పనులకు అడ్డం పడే మరుపు. ఆరింటినీ కూడితే మొత్తం 18. ఎక్కువయ్యే కొద్దీ జబ్బు ముదిరినట్టు.

క్లారిటీ ఏడీలో చేరినవాళ్లు సగటున సుమారు 3.2 దగ్గర మొదలయ్యారు. 18 నెలల తర్వాత ప్లాసిబో గుంపు 1.66 పాయింట్లు దిగజారింది. మందు గుంపు 1.21 పాయింట్లు దిగజారింది. తేడా 0.45. ఈ 0.45ను 1.66తో భాగిస్తే వచ్చేదే 27 శాతం. అదే 0.45ను మొత్తం 18తో పోల్చితే రెండున్నర శాతం. రెండు లెక్కలూ తప్పు కావు. వార్తకు మొదటిదే ఎందుకు ఎక్కిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. సీడీఆర్‌లో అతి చిన్న మార్పే అర పాయింటు. కాబట్టి ఏ ఒక్క మనిషీ 0.45 మారలేరు. కొందరిలో తేడా ఏమీ లేక, కొందరిలో అర పాయింటు, కొందరిలో అంతకన్నా ఎక్కువ ఉంటే, అందరికీ కలిపిన సగటు అది. మీ ఇంటి మనిషి ఆ గుంపులో ఎటువైపు ఉంటారో ముందుగా చెప్పగల పరీక్ష ఇంకా లేదు. రోగిలో తేడా వచ్చిందని చూసే డాక్టరుకు అనిపించాలంటే ఎంసీఐ దశలో దాదాపు ఒక పాయింటు మారాలని 2019లో వచ్చిన ఒక విశ్లేషణ లెక్కగట్టింది. ఆ గీటురాయితో చూస్తే 0.45 కంటికి ఆనదు. అయితే మందును సమర్థించే వాళ్ల వాదన కూడా వినాలి. ఆ ఒక పాయింటు ఒక మనిషిలో వచ్చే మార్పును గుర్తించడానికి పెట్టుకున్నది, రెండు గుంపుల సగటుల తేడాను తూచడానికి కాదు, పైగా 18 నెలలకు అర పాయింటు మిగిలితే నాలుగేళ్లకు ఇంకా ఎక్కువ మిగలొచ్చు అంటారు వాళ్లు. మొదటి మాట నిజమే. రెండోది ఇంకా ఆశే. 18 నెలల తర్వాత అందరికీ మందే ఇచ్చారు కాబట్టి పోల్చుకోవడానికి ప్లాసిబో గుంపు మిగలలేదు.

కాలంలోకి మార్చి చూస్తే కుటుంబాలకు బాగా అర్థమవుతుందని నాకనిపిస్తుంది. ప్లాసిబో గుంపు 18 నెలల్లో 1.66 దిగజారిందంటే నెలకు సుమారు 0.09. ఆ లెక్కన 1.21 దిగజారడానికి 13 నెలలు పడుతుంది. మందు తీసుకున్నవాళ్లు ఆ స్థాయికి 18 నెలలకు చేరారు. అంటే ఏడాదిన్నర చికిత్సకు మిగిలింది దాదాపు అయిదు నెలలు. జబ్బు నయం కాలేదు, ఆగలేదు, పోయిన జ్ఞాపకం వెనక్కి రాలేదు. దిగజారడం అయిదు నెలలు వెనక్కి జరిగింది. సొంతంగా బజారుకెళ్లి రాగలిగే అయిదు నెలలు ఒక మనిషికి ఎంత విలువైనవో లెక్క చెప్పడం నా వల్ల కాదు. అది ఆ ఇంటివాళ్లే తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి వాళ్ల చేతిలో ఉండాల్సిన అంకె మాత్రం అయిదు నెలలు, 27 శాతం కాదు.

దాని పక్కనే పెట్టాల్సిన అంకెలు ఇంకా ఉన్నాయి. అమిలాయిడ్ మెదడు కణాల మధ్యే కాక రక్తనాళాల గోడల్లో కూడా పేరుకుంటుంది. మందు దాన్ని లాగేసేటప్పుడు ఆ గోడలు పలచబడి నీరు దిగుతుంది, ఒక్కోసారి రక్తం చిమ్ముతుంది. డాక్టర్లు దీన్ని ఆరియా అంటారు. క్లారిటీ ఏడీలో మందు తీసుకున్నవాళ్లలో 12.6 శాతం మందికి మెదడులో నీటి వాపు కనిపించింది. ప్లాసిబోలో అది 1.7 శాతం. ఎక్కువమందికి పైకి ఏ లక్షణమూ లేదు, ఎమ్మారైలోనే బయటపడింది. లక్షణాలు కనిపించింది 2.8 శాతం మందిలో. కానీ అపోఈ4 అనే జన్యురకం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలు వచ్చినవాళ్లలో ఈ వాపు 32.6 శాతం మందికి వచ్చింది. అందుకే మందు మొదలుపెట్టే ముందు ఆ జన్యు పరీక్ష చేయించమంటారు, తర్వాత మొదటి నెలల్లో పలుమార్లు ఎమ్మారై తప్పనిసరి. ఈ మందు మీదున్న ఒకరికి స్ట్రోక్ వస్తే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చాక మెదడంతా రక్తస్రావమై చనిపోయిన సంగతి 2023లో వైద్య పత్రికలోనే అచ్చయింది. రక్తం గడ్డకట్టి స్ట్రోక్ వచ్చి, మొదటి కొన్ని గంటల్లోనే ఆసుపత్రికి చేరినవాళ్లకు మామూలుగా ఇచ్చే ఇంజెక్షనే అది. అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఉన్న డాక్టరుకు ఈ రోగి ఫలానా మందు మీద ఉన్నారని ఎవరో ఒకరు చెప్పగలగాలి.

డోనానెమాబ్ అనే రెండో మందు కథా దాదాపు ఇదే. 1,736 మందితో 76 వారాలు చేసిన ట్రయల్‌లో సీడీఆర్ మీద తేడా సుమారు 0.7. నెలకోసారి ఎక్కిస్తే చాలు, అమిలాయిడ్ తుడిచిపెట్టుకుపోయాక ఆపేయొచ్చు. కానీ మెదడు వాపు 24 శాతం మందికి వచ్చింది, మందుతో ముడిపడిన మరణాలు మూడు నమోదయ్యాయి. అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ లెకానెమాబ్‌కు 2023 జులైలో పూర్తి అనుమతి, డోనానెమాబ్‌కు 2024 జులైలో అనుమతి ఇచ్చింది. యూరప్ నియంత్రణ సంస్థ 2024 జులైలో లెకానెమాబ్‌ను తిరస్కరించి, నవంబరులో అపోఈ4 రెండు కాపీలున్న వాళ్లను మినహాయించి ఒప్పుకుంది. బ్రిటన్‌లో మందుకు అనుమతి వచ్చింది కానీ, ఖర్చుకు తగిన మేలు లేదంటూ ప్రభుత్వ వైద్యంలో చేర్చడానికి, ఏ చికిత్సకు ప్రభుత్వ డబ్బు పెట్టొచ్చో చెప్పే సంస్థ ఎన్‌ఐసీఈ 2024లో వెనకాడింది. అవే అంకెలను చూసి మూడు చోట్ల మూడు రకాలుగా తేల్చారు. సైన్సులో తప్పు జరిగిందని దానర్థం కాదు. అర పాయింటు మేలుకు ఎంత ప్రమాదం, ఎంత ఖర్చు భరించొచ్చన్న దగ్గర అభిప్రాయాలు వేరు. అమెరికాలో లెకానెమాబ్ వచ్చినప్పుడు ఏడాదికి మందు ధర ఒక్కటే 26,500 డాలర్లు. స్కాన్లు, ఎక్కించే ఖర్చు వేరే.

ఈ మందులను తీసిపారేయడం కూడా తప్పే. వీటికి ముందు నడిచిన దారి తెలిస్తే ఆ 0.45 విలువ అర్థమవుతుంది. అమిలాయిడ్ తయారీనే అడ్డుకునే వెరుబెసెస్టాట్ అనే మాత్రను తొలి దశలో ఉన్న 1,454 మంది మీద ప్రయోగిస్తే, 2019 నాటికి తేలిందేమిటంటే అమిలాయిడ్ తగ్గినా, ఎక్కువ డోసు వేసుకున్నవాళ్లు ప్లాసిబో వాళ్లకన్నా ఎక్కువ దిగజారారు. అడుకానుమాబ్ అనే మందు ట్రయల్స్‌ను ఫలితం లేదని 2019 మార్చిలో మధ్యలోనే ఆపేశారు. తర్వాత అంకెలు మళ్లీ చూశామంటూ కంపెనీ దరఖాస్తు పెట్టింది. ఎఫ్‌డీఏకు సలహా ఇచ్చే నిపుణుల సంఘం వద్దంది. అయినా స్కాన్‌లో అమిలాయిడ్ తగ్గుతోంది కదా అని ఎఫ్‌డీఏ 2021 జూన్‌లో అనుమతిచ్చింది. ఆ సంఘంలో ముగ్గురు రాజీనామా చేశారు. 2024లో కంపెనీయే ఆ మందును మానుకుంది. స్కాన్ బాగుపడటం, మనిషి బాగుపడటం రెండు వేర్వేరు విషయాలని ఇంత ఖరీదు పెట్టి నేర్చుకున్నాక వచ్చింది లెకానెమాబ్. అమిలాయిడ్‌ను తీసేస్తే మనిషిలో కూడా ఎంతో కొంత తేడా ఉంటుందని తేటగా చూపించిన పెద్ద ట్రయల్ అది. జబ్బుకు మూలం అదొక్కటే కాకపోవచ్చని కూడా అదే సూచించింది. స్కాన్‌లో మూడింట రెండొంతుల అమిలాయిడ్ పోయినా దిగజారడం కొనసాగింది మరి.

షుగరుకూ బరువు తగ్గడానికీ ఇప్పుడు అందరూ వింటున్న సెమాగ్లూటైడ్ గురించి కూడా ఒక మాట. ఈ కోవ మందులు వాడుతున్న షుగరు రోగుల్లో డిమెన్షియా తక్కువని రికార్డులు తిరగేసిన అధ్యయనాలు చెప్పడంతో ఆశలు పెరిగాయి. తొలి దశ అల్జీమర్స్ ఉన్న 3,808 మందితో చేసిన రెండు ట్రయల్స్ ఫలితాలు 2025 నవంబరులో వచ్చాయి. జబ్బు నెమ్మదించలేదు. రికార్డుల్లో కనిపించిన మేలు మందుది కాకపోవచ్చు. అలాంటి మందు కొనగలిగిన వాళ్లు, డాక్టరు దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్లేవాళ్లు మొదటి నుంచీ ఆరోగ్యంగా ఉండే అవకాశం ఎక్కువ. చీటీ వేసినట్టు ఎవరికి ఏది దక్కాలో యాదృచ్ఛికంగా పంచితేనే ఈ తికమక పోతుంది. ట్రయల్ చేసే పని అదే.

మందుల గురించి ఇంత రాశాక, నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న ట్రయల్ ఏదంటే మాత్రం చైనా పల్లెల్లో జరిగినదే చెబుతాను. 326 ఊళ్లు, 33,995 మంది. అందరికీ బీపీ ఉంది, వయసు 40 దాటింది. సగం ఊళ్లలో పెద్ద డిగ్రీలు లేని ఊరి వైద్యులకు శిక్షణ ఇచ్చి, ఒక పద్ధతి ప్రకారం బీపీ మాత్రలు పెంచుతూ 130/80 కిందికి తీసుకురమ్మన్నారు. మాత్రలు ఉచితంగానో చౌకగానో ఇచ్చారు. ఇంట్లో బీపీ చూసుకోవడం నేర్పారు. మిగతా సగం ఊళ్లలో ఎప్పటిలా వదిలేశారు. నాలుగేళ్ల తర్వాత, మొదటి ఊళ్లలో డిమెన్షియా 15 శాతం తక్కువ. ఈ ఫలితం 2025లో అచ్చయింది. అంతకుముందు 2019లో అమెరికాలో 9,361 మందితో చేసిన స్ప్రింట్ మైండ్ అనే ట్రయల్‌లో పై బీపీని 140కి బదులు 120 కిందికి తెచ్చినవాళ్లలో ఎంసీఐ 19 శాతం తగ్గింది. డిమెన్షియా మీద తేడా మాత్రం అందులో గట్టిగా తేలలేదు, ట్రయల్ ముందే ఆగిపోవడం అందుకు ఒక కారణం. అందులో షుగరు ఉన్నవాళ్లను చేర్చుకోలేదు కూడా.

15 శాతం, 19 శాతం కూడా శాతాలే కదా, వాటిని మాత్రం ఎందుకు నమ్మాలి అని అడగొచ్చు. అడగాలి. ఇక్కడ లెక్కించింది మార్కుల సగటును కాదు, జబ్బు వచ్చిన మనుషులను. ఆ మాత్రలు రోజుకు కొద్ది రూపాయల్లో దొరికేవి, గుండెకూ కిడ్నీకీ ఎలాగూ వాడాల్సినవి. ఆశా కార్యకర్తో ఏఎన్ఎమ్మో బీపీ చూసి రాసుకెళ్లడం ఆంధ్ర, తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. చూశాక మాత్ర సరిపోతోందా, పెంచాలా అన్న రెండో మెట్టు దగ్గరే మనం ఆగిపోతున్నాం. చైనా ట్రయల్ గట్టిగా పట్టుకున్నది సరిగ్గా ఆ మెట్టునే. ఒక జాగ్రత్త చెప్పాలి: 80 దాటిన మనిషికి, లేవగానే కళ్లు తిరిగే వాళ్లకు బీపీ మరీ తగ్గిస్తే పడిపోయి తుంటి విరిగే ప్రమాదం ఉంది. ఎంతకు తేవాలన్నది డాక్టరు మనిషిని చూసి నిర్ణయించాల్సిందే.

తిండి, వ్యాయామం, మెదడుకు పని కలిపి చేసిన ట్రయల్స్‌లో ఫిన్లాండ్‌ది పేరున్నది. ఫింగర్ అంటారు. 60 నుంచి 77 ఏళ్ల మధ్య వయసున్న 1,260 మందితో రెండేళ్లు చేసి 2015లో మంచి ఫలితం చూపించారు. అమెరికాలో అదే బాటలో 2,111 మందితో చేసిన పాయింటర్ ఫలితాలు 2025లో వచ్చాయి. క్రమశిక్షణతో చేయించిన గుంపు, సొంతంగా చేసుకోమన్న గుంపు రెండూ మెరుగయ్యాయి. మొదటిది మరి కాస్త ఎక్కువ. అయితే ఏమీ చేయని గుంపు అందులో లేదు. ఒకే రకం పరీక్ష మళ్లీ మళ్లీ రాస్తే అలవాటుతోనే మార్కులు పెరుగుతాయి కాబట్టి ఆ మెరుగులో ఎంత నిజమో విడదీయడం కష్టం. చేయడం వల్ల నష్టమేమీ లేదు కనుక చేయమనే నేనూ అంటాను, కానీ నిరూపణ అయిపోయిందని చెప్పలేను.

చెవి మాట వేరు. వినికిడి తగ్గిన 977 మంది పెద్దవాళ్లలో సగం మందికి చెవి మెషీన్లు పెట్టి మూడేళ్లు చూసిన అచీవ్ ట్రయల్ 2023లో వచ్చింది. మొత్తమ్మీద తేడా లేదు. కానీ వయసు, బీపీ, షుగరు వంటి వాటివల్ల ముప్పు ఎక్కువగా ఉన్న గుంపులో దిగజారడం 48 శాతం తగ్గింది. మొత్తంలో లేక ఒక భాగంలోనే కనిపించిన ఫలితాన్ని సగం నమ్మకంతోనే తీసుకోవాలి. అయినా సగం వినపడక, పదిసార్లు అడగడం ఎందుకని మాటలు మానేసి మూల కూర్చునే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎంతమందో. వాళ్లకు చెవి పరీక్ష చేయించడానికి ఏ ట్రయలూ అక్కర్లేదు.

మన వైపు నుంచి ఈ పరిశోధనలో చేరిన ఒక పెద్ద ముక్క హైదరాబాద్ నిమ్స్‌ది. అక్కడి మెమొరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రచురించింది. తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లిష్‌లలో రెండో అంతకన్నా ఎక్కువో భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు వల్ల వచ్చిన తేడా అనుకోవడానికి లేదు, బడికి వెళ్లని వాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. పడమటి దేశాల్లో రెండు భాషలంటే ఎక్కువగా వలస వచ్చినవాళ్లే. పుట్టిన ఊళ్లోనే రెండు మూడు భాషలు మాట్లాడే హైదరాబాద్‌లో చూడటం వల్లే ఈ ఫలితానికి అంత బరువు వచ్చింది. ఇది కూడా ట్రయల్ కాదన్నది గుర్తుంచుకోవాలి. మెదడుకు జీవితమంతా దొరికిన మేతకు ఇది గుర్తు. 70 ఏళ్ల మనిషికి ఇప్పుడు కొత్త భాష నేర్పితే జబ్బు ఆగుతుందని దీన్నుంచి తేల్చలేం.

అదే కోవలో మరో ముఖ్యమైన పని, పరీక్షలను మన మనుషులకు తగ్గట్టు మార్చడం. ప్రపంచమంతా వాడే పరీక్షల్లో వందలోంచి ఏడేసి తీసేస్తూ పోవాలి, ఒక వాక్యం రాయాలి, బొమ్మ చూసి గీయాలి. ఏనాడూ పలక పట్టని ముసలమ్మ ఇవి చేయలేకపోతే అది జబ్బు కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళ భాషల్లో పరీక్షల సెట్టు తయారుచేయించింది ఇందుకే. దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. పల్లెల్లో, ఆడవాళ్లలో, చదువు దొరకని వాళ్లలో ఎక్కువ. వాళ్లను సరిగ్గా కొలిచే పరీక్ష లేకపోతే ఏ మందు ట్రయల్‌లోనూ వాళ్లకు చోటుండదు, వాళ్లకు ఆ మందు పనిచేస్తుందో లేదో ఎన్నటికీ తెలియదు.

ఇప్పుడు ఇంట్లో మతిమరుపు మొదలైన పెద్దమనిషి ఉంటే ముందు చేయాల్సింది యాంటీబాడీ కోసం వెతకడం కాదు. బి12, థైరాయిడ్, షుగరు, సోడియం రక్తపరీక్షలు, ఒక స్కాను, వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకెళ్లి డాక్టరుకు చూపించడం, నిద్ర గురించీ దిగులు గురించీ చెప్పడం. శాకాహారుల్లో, షుగరుకు ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్న వాళ్లలో బి12 తగ్గడం మామూలు. ఇవన్నీ చూశాక కూడా అల్జీమర్సే అనిపిస్తే అప్పుడు అమిలాయిడ్ ఉందో లేదో తేల్చే పరీక్షల వంతు. రక్తంలో పీ-టావ్ 217 అనే ప్రోటీన్‌ను చూసే పరీక్షకు 2025 మేలో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అది లక్షణాలున్న వాళ్లకు ఉద్దేశించినది. ఏ ఇబ్బందీ లేనివాళ్లు ల్యాబుకెళ్లి చేయించుకుని భయం కొనితెచ్చుకోవద్దు.

ఎవరైనా ట్రయల్‌లో చేరమని అడిగితే భయపడి పారిపోనక్కర్లేదు, మొహమాటపడి ఒప్పుకోనూ అక్కర్లేదు. పైన చెప్పిన ప్రతి అంకె వెనకా అలా ముందుకొచ్చిన మనుషులున్నారు, మందుల ట్రయల్స్‌లో తమకు ప్లాసిబోనే దక్కొచ్చని తెలిసే వాళ్లు చేరారు. మన దేశంలో ప్రతి క్లినికల్ ట్రయల్ సీటీఆర్ఐ అనే దేశవ్యాప్త ట్రయల్స్ రిజిస్టరులో నమోదై ఉండాలి. ఆ నంబరు అడిగి ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. ఏ కొలతతో ఫలితం తేలుస్తారు, ఎన్ని ఎమ్మారైలు, ట్రయల్ అయిపోయాక మందు దొరుకుతుందా, తోడుగా వచ్చే మనిషి ఎన్నిసార్లు సెలవు పెట్టాలి అని అడగండి. సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మని, ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామని చెప్పండి. జ్ఞాపకం తగ్గుతున్న మనిషికి దాన్ని ఒక్కసారి చదివి వినిపిస్తే చాలదు, మర్నాడు మళ్లీ చెప్పి ఆ మనిషి మాటల్లో తిరిగి చెప్పించండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చని, మానేసినా ఆ ఆసుపత్రిలో మామూలు వైద్యం ఆగదని అందులో రాసి ఉండాలి. అది లేని కాగితం మీద సంతకం పెట్టొద్దు.